పిల్లగాన్ని ఎవరికిచ్చి రావాలె?

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖ, ఎక్సైజ్ శాఖల ఉన్నతాధికారులకు, హైదరాబాద్ ప్రసూతి ఆసుపత్రుల డాక్టర్లకు, నా తోటి నర్సులకు

నమస్కారం.

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం లేబర్ రూములోనే గడిచింది. ఇప్పుడు బోరబండలో ఉంటున్నాను. గర్భిణులు, చిన్నపిల్లల తల్లులు తమ పిల్లలతో సహా ఉండి మత్తు మాన్పించుకునే చోటు నగరంలో ఒకటి పెట్టండని ఏడాదిలో మూడుసార్లు అర్జీ ఇచ్చాను. మూడింటికీ రసీదులు ఇచ్చారు. ఒకదానికి "సంబంధిత విభాగానికి పంపడమైనది" అని ఫోనుకు మెసేజ్ కూడా వచ్చింది. ఆ సంబంధిత విభాగం ఏదో కనుక్కోవడానికి ఇంకో నాలుగుసార్లు తిరిగాను. ఏ ఆఫీసో, ఏ ఆసుపత్రో పేర్లు రాయను. ఎవరినో ఇరికించాలని కాదు ఈ లేఖ. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు మాత్రం లేనిదాన్ని ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తారు? లేకపోవడమే నా ఫిర్యాదు. అర్జీలకు జవాబు రాలేదు కాబట్టి ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ముందు ఒక మనిషి సంగతి చెప్పాలి.

పాలమూరు వైపు నుంచి బిల్డింగ్ పనికి వచ్చిన కుటుంబం. మా వీధి చివర రేకుల గదిలో ఉండేవాళ్ళు. భర్తది సెంట్రింగ్ పని. ఆమె ఇటుకలు, మాలు మోసేది. మొదటి కాన్పు తర్వాత అత్త కల్లు పట్టించిందట, నడుం గట్టిపడుతుందని, పాలు పడతాయని. మన ఊళ్ళలో ఇది కొత్తేమీ కాదు, తప్పని కూడా ఎవరూ అనుకోరు. ఊళ్ళో చెట్టు కింద తాగింది కల్లే. పట్నం వచ్చాక కల్లు అమ్మే కాంపౌండులో సీసాల్లో తాగింది ఏమిటో ఆమెకూ తెలియదు. ఆమెకు తెలిసిందల్లా ఒకటే. సాయంత్రం రెండు సీసాలు పడకపోతే చేతులు వణికేవి, నిద్ర పట్టేది కాదు, ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది.

ఆరో నెల కడుపుతో, రెండున్నరేళ్ళ కొడుకును చంకనేసుకుని ఒక ఆదివారం పొద్దున మా ఇంటికొచ్చింది. "సిస్టరమ్మా, గీ కల్లు మాన్పియ్యి. కడుపుల పిల్ల ఖరాబైతదంటున్నరు" అంది. నేను పిలవలేదు. ఎవరూ పంపలేదు. తనంతట తానే వచ్చింది. మత్తుకు అలవాటు పడ్డ మనిషి నోట ఆ మాట రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఈ పనిలో ఉన్నవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

సోమ, మంగళవారాలు రెండు రోజుల్లో నాలుగు చోట్లకు తీసుకెళ్ళాను. ప్రసూతి ఆసుపత్రిలో చూసి, బిడ్డ బాగానే ఉంది, కల్లు సంగతి మా దగ్గర కాదు, మానసిక వైద్యులకు చూపించమన్నారు. మత్తు మాన్పించే వార్డులో, గర్భిణి అంటే మాకు రిస్కు, గైనిక్ వాళ్ళ లెటర్ తెమ్మన్నారు. మళ్ళీ వెనక్కి పోయి లెటర్ తెచ్చాం. అప్పుడు పక్కన అటెండెంట్ ఉండాలి, పిల్లవాణ్ణి మాత్రం వార్డులోకి రానివ్వం అన్నారు. ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్లో గేటు దగ్గరే "ఓన్లీ జెంట్స్ అమ్మా" అన్నారు. ఫీజు ఎంతో అడిగేదాకా కూడా పోలేదు. ఆడవాళ్ళ వసతి గృహంలో తాగే అలవాటున్నవాళ్ళను పెట్టుకోమన్నారు, మిగతావాళ్ళు చెడిపోతారట.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగింది: "పిల్లగాన్ని ఎవరికిచ్చి రావాలె, సిస్టరమ్మా?"

మొగుడు పొద్దున ఏడింటికి పోతే చీకటి పడ్డాక వస్తాడు. తల్లి లేదు. అత్త ఊళ్ళో మంచాన ఉంది. నా దగ్గర వదులు, చూసుకుంటాను అన్నాను. అన్నానే గానీ నా మోకాళ్ళు, నా బీపీ గుర్తొచ్చి నాకే టెన్షన్ పట్టుకుంది. ఆమె ఒప్పుకోలేదు. నెల రోజులపాటు రెండున్నరేళ్ళవాణ్ణి వీధిలో ముసలామె దగ్గర వదిలి పొమ్మంటే ఏ తల్లి పోతుంది?

మొండికేసి మానేస్తే నాలుగు రోజుల్లో అదే పోతుందని ఎవరో చెప్పారు. మానేసింది. మూడో రోజు రాత్రి ఫిట్స్ వచ్చాయి. 108లో తీసుకెళ్ళాం. మూడు రోజులు ఉంచి పంపించేశారు. ఏడో నెల నిండుతుండగా కాన్పయింది. 1,400 గ్రాముల ఆడపిల్ల. ఫిట్స్ వల్లే ముందు పుట్టిందని నేను అనను. రక్తం తక్కువ, తిండి అంతంత మాత్రం, చివరిదాకా బరువు మోసింది. పిల్లను నవజాత శిశువుల వార్డులో పెట్టారు. తల్లి ఐదు రోజులు పాలు పిండి ఇచ్చింది. ఆరో రోజు నుంచి సాయంత్రాలు కనిపించడం మానేసింది. "బిడ్డను పెట్టెలో పెట్టి తాగడానికి పోయింది చూడు" అని వార్డులో అందరూ అన్నారు.

ఆ మాట విని నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట నేనూ చాలాసార్లు అన్నాను. నొప్పులతో వచ్చిన మనిషి నోట వాసన వస్తే "కడుపుతో ఉండి తాగుతవా, సిగ్గుండొద్దా" అని తిట్టి, తర్వాత సూది వేసేదాన్ని. ఎప్పటి నుంచి తాగుతున్నావు, రోజుకెంత, మానితే ఏమవుతుంది అని ఒక్కరిని కూడా అడగలేదు. మాకు అడగమని ఎవరూ నేర్పలేదు నిజమే. కానీ తిట్టమని కూడా ఎవరూ నేర్పలేదు కదా.

ఇక చట్టం సంగతి. ఈ తిరుగుడంతా అయ్యాక చదివాను, ముందే చదివి ఉంటే ఆ వార్డు ముందు ఇంకాస్త గట్టిగా నిలబడేదాన్ని. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మద్యం, మత్తుమందుల వాడకంతో ముడిపడ్డ మానసిక స్థితులు కూడా మానసిక అనారోగ్యం కిందికే వస్తాయి. ఆ చట్టం 21వ సెక్షన్ ఏమంటుందంటే, చికిత్సలో గానీ పునరావాసంలో గానీ ఉన్న స్త్రీకి మూడేళ్ళలోపు బిడ్డ ఉంటే మామూలుగా ఆ బిడ్డను ఆమె నుంచి వేరు చేయకూడదు. తల్లి వల్ల బిడ్డకు హాని ఉందని సైకియాట్రిస్టు పరీక్షించి తేల్చినప్పుడో, బిడ్డ క్షేమం కోసం తప్పనప్పుడో తాత్కాలికంగా వేరు చేయవచ్చు. అప్పుడు కూడా ఎవరో ఒకరి పర్యవేక్షణలో తల్లి బిడ్డను చూసుకునే వీలుండాలి. ఆ నిర్ణయాన్ని 15 రోజులకోసారి సమీక్షించాలి. 30 రోజులు దాటితే మానసిక ఆరోగ్య అథారిటీ ఆమోదం కావాలి. మా వీధి పిల్లవాడికి రెండున్నరేళ్ళు. వార్డులో "పిల్లవాణ్ణి రానివ్వం" అన్న మాట వాడి విషయంలో ఈ చట్టానికి ఎదురు.

ఇంకో సంగతి చూడండి. చంచల్‌గూడ మహిళా జైలుకు పోయే తల్లి ఆరేళ్ళలోపు బిడ్డను వెంట ఉంచుకోవచ్చు. 2006లో సుప్రీంకోర్టు దీని మీద వివరంగా మార్గదర్శకాలు ఇచ్చింది, పిల్లలకు తిండి, చదువు, క్రెష్ ఎలా ఉండాలో సహా. ఆ కేసులో ప్రతివాది అప్పటి మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. అంటే గంజాయి అమ్మి జైలుకు పోతే బిడ్డ వెంట ఉంటాడు. కల్లు మానడానికి ఆసుపత్రికి పోతే ఉండడు. దీన్ని ఏ అధికారి అయినా మా బస్తీకి వచ్చి ఆడవాళ్ళ ముందు నిలబడి వివరిస్తే వినాలని ఉంది.

"తాగే ఆడవాళ్ళు ఎంతమంది ఉంటారమ్మా, నలుగురైదుగురి కోసం సెంటరా" అని ఒక ఆఫీసులో అడిగారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో మద్యం తాగేవాళ్ళు దేశం మొత్తం మీద 1.3 శాతం, తెలంగాణలో 6.7 శాతం. మన పల్లెల్లో 9 శాతం, పట్టణాల్లో 2.6 శాతం. ఇంటికొచ్చిన సర్వే మనిషి ముందు బయటపెట్టిన లెక్క మాత్రమే ఇది. పల్లెల్లోని ఆ తొమ్మిది శాతంలోంచి కూడా కూలికి హైదరాబాద్ వస్తారు. చికిత్స వైపు చూస్తే, కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు చేసి 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒకరికే ఏదో ఒక సాయం అందింది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒకరు. ఆ ఒక్కరు కూడా ఒళ్ళో బిడ్డ ఉన్న ఆడమనిషి అయి ఉంటుందని నేను అనుకోను.

ఈ లోటు వల్ల మామూలు ఇళ్ళలో ఏం జరుగుతోందో చూసింది చూసినట్టు రాస్తాను.

1. ఆడవాళ్ళు దాస్తున్నారు. గర్భిణి కార్డులో బీపీ ఉంటుంది, హిమోగ్లోబిన్ ఉంటుంది, షుగర్ ఉంటుంది. మత్తు గురించి అడిగేవాళ్ళు ఉండరు. ప్రతి గర్భిణినీ వీలైనంత ముందుగా, వచ్చిన ప్రతిసారీ మద్యం, ఇతర మత్తుపదార్థాల గురించి అడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. అడిగితే మాత్రం ఎందుకు చెప్తుంది? చెప్తే తిడతారు, కార్డు మీద రాస్తారు, బిడ్డను శిశు విహార్‌కు, అంటే సర్కారు పిల్లల ఆశ్రమానికి, పంపిస్తారని భయం. ఆ భయం నిజమా కాదా అన్నది వేరే సంగతి. బస్తీలో అది నిజమే అనుకుంటారు, అందుకే ఏడో నెల దాకా చెకప్‌కే రాని వాళ్ళున్నారు.

2. ఒక్కసారిగా మానేసి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు. దీని గురించి కాస్త ఎక్కువ రాయక తప్పదు. మంచి కల్లు వేరు, మందు కల్లు వేరు. గీత కార్మికుల పొట్ట కొట్టమని నేను రాయడం లేదు. కానీ ఇంత పట్నానికి సరిపడా తాటిచెట్లు, ఈతచెట్లు చుట్టుపక్కల ఎక్కడున్నాయో ఎక్సైజ్ వాళ్ళకు నాకన్నా బాగా తెలుసు. చెట్టు ఇవ్వని నిషాను ఆల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు ఇస్తాయి. వీటికి అలవాటుపడ్డ ఒంటికి ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ వస్తాయి, మతి తప్పుతుంది. మద్యమైతే ఆపిన 6 నుంచి 24 గంటల్లో వణుకు మొదలవుతుంది, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత లేనివి కనబడటం, కలవరింతలు. ఆల్ప్రాజోలం లాంటి మాత్రలైతే డాక్టరు చూస్తుండగా మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. కడుపుతో ఉన్న మనిషికి ఇది ఇంట్లో అయ్యే పని కాదు. పక్కన ప్రసూతి డాక్టరు కూడా ఉండాలి.

ఇందులో లేబర్ రూము వాళ్ళకు మాత్రమే అర్థమయ్యే చిక్కు ఒకటుంది. కడుపుతో ఉన్న మనిషికి ఫిట్స్ వస్తే మేం మొదట అనుకునేది గుర్రపువాతం, అంటే గర్భిణికి బీపీ పెరిగి వచ్చే ఫిట్స్. అనుకోవాల్సిందే, అది ప్రాణాంతకం. మెగ్నీషియం ఇంజెక్షన్ మొదలుపెడతాం. కానీ బీపీ మామూలుగా ఉండి, మూత్రంలో ప్రోటీన్ లేకపోతే "ఈమె కల్లు ఎప్పుడు మానేసింది?" అని ఇంటివాళ్ళను అడగాలి కదా. ఆ రాత్రి నేను వెంట లేకపోతే ఆ ప్రశ్న పుట్టేదే కాదు.

ఇదేమీ కొత్తగా వచ్చిన ఉపద్రవం కాదు. 2015లో నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు కల్లు దొరక్క వందల మంది పిచ్చిపట్టినట్టయి ఆసుపత్రుల పాలయ్యారు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసిన వారంలోనే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఓపీ నిండిపోయింది. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, ఇంకెందరో విరేచనాలతో, బీపీ పడిపోయి, కిడ్నీలు దెబ్బతిని ఆసుపత్రుల్లో చేరారు. నగరంలో కల్లు కాంపౌండ్లు 2004లో మూశారు, 2014లో తెరిచారు. మూసినా, తెరిచినా, దాడి చేసినా ఆ మరుసటి రోజు ఆ సీసా దొరకని గర్భిణి ఏమవుతుందని ఎవరూ లెక్క వేసినట్టు కనిపించదు.

3. పుట్టే బిడ్డ. గర్భంలో మద్యం తగిలిన బిడ్డకు ఎదుగుదల తగ్గడం, తల చిన్నదవడం, తర్వాత బడిలో చదువు ఎక్కకపోవడం ఉండొచ్చు. ఇంత తాగితే పరవాలేదు అని చెప్పగల కొలత ఎవరి దగ్గరా లేదు. తల్లి మత్తుమాత్రల మీద ఉంటే బిడ్డ పుట్టగానే మెత్తగా వేలాడుతూ పాలు పీల్చలేకపోవచ్చు, లేదా ఒకటే వణుకు, ఆపని ఏడుపు. అలాంటి బిడ్డను తల్లి గుండెకు ఆనించి, గది చీకటి చేసి, సద్దు లేకుండా ఉంచితే సగం కుదుటపడుతుంది. తల్లిని బయటికి పంపేసి ఆ పని ఎవరితో చేయిస్తారు?

4. పెద్దపిల్లలు ఊళ్ళకు పోతున్నారు. మా వీధి పిల్లవాడు ఇప్పుడు మేనమామ దగ్గరున్నాడు. అంగన్‌వాడీ పోయింది, టీకా కార్డు ఎక్కడుందో తెలియదు.

5. గోడ మీది మందులు. "తాగుడు మాన్పిస్తాం, తెలియకుండా అన్నంలో కలిపి పెట్టండి" అన్న కాగితాలు ఆటోల వెనక మీరూ చూసే ఉంటారు. అందులో ఏముందో అమ్మేవాడు చెప్పడు. ఒంట్లో పడ్డాక మద్యం తాగితే ఒళ్ళు తిప్పి, గుండె దడతో పడిపోయేలా చేసే మందు అయితే, అది గర్భిణికి డాక్టర్లే ఇవ్వడానికి జంకుతారు. ఆడవాళ్ళకు తలుపు తీసే చోటు లేనప్పుడు భర్తలు, అత్తలు ఈ పొట్లాలు కొంటున్నారు. కొన్నవాళ్ళను నేను తప్పు పట్టలేను.

6. చేరినా నిలవడం లేదు. ఉన్న సెంటర్లు మగవాళ్ళ కోసం కట్టినవి. బాత్‌రూము నుంచి కౌన్సెలింగ్ దాకా అన్నీ వాళ్ళ లెక్కనే. మగవాడు చేరితే ఇంట్లో భార్య పిల్లల్ని చూస్తుంది, టిఫిన్ పట్టుకొస్తుంది, అటెండెంటుగా కూర్చుంటుంది. ఆడది చేరితే ఈ మూడూ ఎవరు చేస్తారు? పది రోజులకే ఇంటి నుంచి ఫోన్లు మొదలవుతాయి. మానేసి ఇంటికి పోతే అక్కడ మొగుడు సీసా ముందు పెట్టుకుని కూర్చుని ఉంటాడు. కొట్టే మొగుడైతే ఇంకా చెప్పేదేముంది.

మీ నుంచి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు, కొన్ని సబబైనవే. మత్తు వదిలించే వార్డులో, కేకలు, వణుకులు ఉన్న చోట పిల్లల్ని పెట్టమని నేనూ అనను. అందుకే మామూలు వార్డులో ఒక మంచం కాకుండా విడిగా చోటు అడుగుతున్నాను. మొదటి వారం పదిరోజులు తల్లికి వైద్యం తీవ్రంగా జరిగేటప్పుడు బిడ్డ పక్క గదిలో ఆయా దగ్గర ఉండాలి, రోజూ తల్లి దగ్గరికి తేవాలి. తర్వాత ఇద్దరూ ఒకే గదిలో ఉండాలి. ఇది ఊహ కాదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే మానసిక వైద్య విభాగం నడుస్తోంది. అది కాన్పు చుట్టూ వచ్చే మానసిక జబ్బుల కోసం, నిజమే. కానీ తల్లి మతి స్థిమితంగా లేనప్పుడు కూడా బిడ్డను భద్రంగా పక్కనే ఉంచవచ్చని అక్కడ చేసి చూపించారు. అమెరికాలో కేంద్ర నిధులు తీసుకునే చికిత్సా కేంద్రాలు గర్భిణికే మొదటి చోటు ఇవ్వాలి, ఖాళీ లేకపోతే 48 గంటల్లో తాత్కాలిక సేవలైనా అందేలా చూడాలి. అదే దేశంలో అలబామా లాంటి రాష్ట్రాలు మత్తు వాడిన గర్భిణుల మీద కేసులు పెట్టి జైళ్ళకు పంపాయి. ఆ రెండో పని మాత్రం మనకొద్దు.

డబ్బు లేదంటే నేను నమ్మను. గుడుంబా కాచేవాళ్ళు ఆ పని మానేస్తే వాళ్ళకు పునరావాసం కింద సాయం చేసింది ఈ రాష్ట్రమే. మంచి పనే చేసింది. అమ్మినవాళ్ళకు దొరికిన పునరావాసం తాగి పాడైన ఆడవాళ్ళకు ఎందుకు దొరకకూడదు? మద్యం మీద వచ్చే ఆదాయం గురించి నేను చెప్పక్కర్లేదు, బడ్జెట్ రాసేది మీరే.

మేం అడిగేవి ఇవి.

ఒకటి. హైదరాబాద్‌లో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలున్న తల్లులకు ఒక ప్రభుత్వ నివాస చికిత్సా కేంద్రం కావాలి. మొదట పదిహేను మంచాలు చాలు. కొత్త భవనం కోసం ఆగొద్దు, ప్రసూతి ఆసుపత్రికీ పిల్లల ఆసుపత్రికీ దగ్గర్లో ఖాళీగా ఉన్న బ్లాకు ఒకటి చూడండి. సైకియాట్రిస్టు, గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు ఒకే కేసు షీటు మీద రాయాలి. లెటర్ల కోసం ఆసుపత్రుల మధ్య తిప్పడం ఆగాలి. లోపలే అంగన్‌వాడీ నడవాలి. ఆరు దాటిన పిల్లలకు దగ్గరి హాస్టల్లో సీటు, ఆదివారాలు తల్లిని చూసే వీలు ఉండాలి.

రెండు. ఆ కేంద్రం వచ్చేదాకా ఆగకుండా ఈ నెలలోనే ఒక ఉత్తర్వు ఇవ్వండి. గర్భిణి అన్న కారణంతో గానీ, వెంట బిడ్డ ఉన్నాడని గానీ, అటెండెంట్ లేదని గానీ ఏ ప్రభుత్వ మత్తు చికిత్సా విభాగమూ తిప్పి పంపకూడదు. పంపితే కారణం కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. 21వ సెక్షన్‌లో ఉన్నది తెలుగు, ఉర్దూ, హిందీల్లో వార్డు గుమ్మం మీద బోర్డు పెట్టాలి.

మూడు. బస్తీ దవాఖానా నుంచి పెద్దాసుపత్రి దాకా గర్భిణి మొదటి చెకప్‌లోనే, అత్తనూ మొగుణ్ణీ బయటికి పంపి, మత్తు గురించి అడగాలి. కల్లు అని పేరు పెట్టి అడగాలి. "మద్యం తాగుతావా" అంటే లేదనే చెప్తుంది, ఎందుకంటే మన ఆడవాళ్ళ లెక్కలో కల్లు మద్యం కాదు. ఆ జవాబు అందరూ చూసే కార్డు మీద రాయొద్దు. లేబర్ రూము నర్సులకు రెండు రోజుల శిక్షణ చాలు. నేను జీతం లేకుండా వచ్చి చెప్తాను.

నాలుగు. ఎక్సైజ్ శాఖ వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పేది. ఒక ప్రాంతంలో కాంపౌండ్లు మూసేటప్పుడు, దాడి అయిపోయిన గంటలోపు ఆ ప్రాంతపు ఆసుపత్రులకు కబురు పోవాలి. మరుసటి రోజు నుంచి వారం పాటు ఆశా కార్యకర్తలు గర్భిణుల ఇళ్ళకు పోయి వణుకు, నిద్రలేమి ఉన్నాయేమో చూడాలి. దాడి చేసినప్పుడు పట్టుబడ్డ సీసాలతో ఫొటోలు వేస్తారు గదా, ఆ శ్రద్ధలో పావు వంతు ఇటు పెట్టినా చాలు.

ఐదు. చికిత్స కోసం తనంతట తాను వచ్చిన మనిషి మీద పోలీసు కేసు ఉండదని బహిరంగంగా ప్రకటించాలి. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే వ్యసనపరులకు మాదకద్రవ్యాల చట్టం, 1985లోని 64ఏ సెక్షన్ ఇప్పటికే రక్షణ ఇస్తోంది. మత్తు అలవాటున్న ఒక్క కారణంతో బిడ్డను తీసుకుపోమని శిశు సంక్షేమ అధికారులు హామీ ఇవ్వాలి. బిడ్డను చూపించి తల్లిని బెదిరించడం కొందరు సిబ్బందికి అలవాటైపోయింది, అది మానాలి.

ఆరు. చికిత్స రోజుల్లో కూలి పోయే తల్లికి రోజుకింత అని భృతి, బయటికి వచ్చాక ఏడాదిపాటు నెలకోసారి ఇంటికొచ్చి చూసే మనిషి కావాలి. ఇల్లు కొట్టే ఇల్లయితే వేరే చోటు చూపాలి. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసిన గర్భిణికి హైదరాబాద్‌లో ఫలానా చోటుకు వెళ్ళు అని చెప్పడానికి ఒక చిరునామా ఉండాలి.

డాక్టరమ్మలకు, నా తోటి సిస్టర్లకు ఒక మాట. ఉత్తర్వు రావడానికి టైం పడుతుంది. ఈ రాత్రి డ్యూటీలో ఫిట్స్‌తో వచ్చిన గర్భిణి బీపీ మామూలుగా ఉంటే, కల్లు ఎప్పుడు ఆపిందో అడగండి. తిట్టకుండా అడగండి, చెప్తుంది.

ఆమె ఎక్కడుందో నాకు తెలుసు. రాయను. ఆడపిల్ల ఇప్పుడు నాలుగు కిలోలు దాటింది. మొన్న ఫోన్‌లో మళ్ళీ అడిగింది, "చోటు దొర్కిందా, సిస్టరమ్మా?" అని. ఇప్పుడు ఇద్దరు పిల్లల్ని పట్టుకుని రావాలి. ఈ లేఖకు జవాబు కాగితం మీద, సంతకంతో, నెలలోపు ఇప్పించండి. మూడు అర్జీల రసీదుల నకళ్ళు జత చేశాను.

ఇట్లు
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు
బోరబండ, హైదరాబాద్